'ఇంటి మీద బెంగ' అని రాసేస్తే సరిపోతుందా?

వేసవి సెలవులు వచ్చాయంటే మన సంస్థలన్నింటికీ చేతినిండా పనే. కిశోర బాలికల శిబిరాలు, బడి మానేసిన ఆడపిల్లలకు బ్రిడ్జి కోర్సులు, జీవన నైపుణ్యాల తరగతులు, కంప్యూటరు శిక్షణ, విజ్ఞాన యాత్రలు... ఒకటా, రెండా! ఊరూరా తిరిగి పిల్లల్ని కూడగట్టడం, తల్లిదండ్రుల్ని ఒప్పించడం, బియ్యం, పప్పులు సమకూర్చుకోవడం, పాఠాలు చెప్పేవాళ్ళని వెతుక్కోవడం - ఈ హడావుడిలో ఒక ప్రశ్న ఎప్పుడూ వెనకబడిపోతూంటుంది. మనల్ని నమ్మి వచ్చిన పిల్లలు మన దగ్గర క్షేమంగా ఉన్నారా? వచ్చిన వాళ్ళందరూ ఉండగలుగుతున్నారా?

ఈ ప్రశ్న మిమ్మల్ని అడిగే ముందు నన్ను నేను అడుక్కోవాలి.

డాక్టరేటు పూర్తిచేసిన కొత్తలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన మూడు నెలల బాలికల శిబిరాన్ని మూల్యాంకనం చెయ్యడానికి వెళ్ళాను. అరవై మంది చేరారు. చివరిదాకా యాభై నాలుగు మంది ఉన్నారు. వెళ్ళిపోయిన ఆరుగురి పేర్ల పక్కనా రిజిస్టరులో ఒకే చేతిరాతతో ఒకే కారణం: 'ఇంటి మీద బెంగ'. ఉన్న పిల్లలతో రెండు రోజులు గడిపాను. వాళ్ళు పాటలు పాడారు, లెక్కలు చేశారు, పెద్దయ్యాక ఏమవుతారో చెప్పారు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. తొంభై శాతం మంది చివరిదాకా నిలవడం మెచ్చుకోదగ్గ విషయమని నివేదికలో రాశాను. వెళ్ళిపోయిన ఆరుగురిలో ఒక్కరి ఇంటికైనా వెళ్ళాలని నాకు తట్టలేదు.

రెండేళ్ళ తర్వాత వేరే పని మీద అదే మండలానికి వెళ్ళినప్పుడు ఆ ఆరుగురిలో ముగ్గురు కలిశారు. ఒకమ్మాయికి ఒక కాలు సరిగా పడదు. శిబిరంలో మరుగుదొడ్డి పెరటికి ఆ చివర. దారిలో దీపం లేదు. రాత్రిపూట లేవాల్సి వస్తుందని ఆ పిల్ల సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం మానేసింది. మూత్రంలో మంట మొదలై, జ్వరం వచ్చి ఇంటికి వెళ్ళిపోయింది. రెండో అమ్మాయి మాదిగ వాడ నుంచి వచ్చింది. ఆమెని ఎవరూ పొమ్మనలేదు. వంటమనిషి కంచానికి గరిటె తగలకుండా పైనుంచి అన్నం వేసేది. పక్కన పడుకున్న పిల్లలు ఒక్కొక్కరే తమ చాపలు జరుపుకున్నారు. పదో రోజుకి ఆ పిల్లే తన పెట్టె సర్దుకుంది. మూడో అమ్మాయి నాతో ఏమీ మాట్లాడలేదు. వాళ్ళమ్మ చెప్పింది. పాటలు నేర్పడానికి వచ్చే మాస్టారు పక్కన కూర్చోనని ఆ పిల్ల ఒక వాలంటీరుతో చెప్పిందట. "పెద్దాయన, తండ్రిలాంటి వాడు. అట్లా మాట్లాడకూడదు" అని ఆ వాలంటీరు కోప్పడిందట. అంతే. మర్నాడు పిల్ల ఇంటికి వచ్చేసింది.

ఆ సంస్థ వాళ్ళతో మాట్లాడితే, ఆయన ఎప్పుడో రావడం మానేశారని చెప్పారు. విషయం బయటికి పొక్కితే పిల్ల పెళ్ళి చెడిపోతుందని తల్లి నా చేతులు పట్టుకుంది. నేనూ ఊరుకున్నాను. అప్పటికింకా పోక్సో చట్టం రాలేదు. కానీ చట్టం లేకపోవడం నా మౌనానికి సాకు కాదు. ఆయన అక్కడ మానేసి మరోచోట పాటలు నేర్పుతున్నాడేమో! ఈ ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అంగవైకల్యం, కులం, లైంగిక వేధింపు - ముగ్గురు పిల్లల మూడు వేరువేరు అనుభవాలకి మనం పెట్టిన ఒకే పేరు 'బెంగ'. తప్పంతా పిల్ల మనసులోనే ఉన్నట్టు, శిబిరంలో ఏమీ లేనట్టు! ఇంట్లో దెబ్బలు తిన్న భార్యని 'సర్దుకుపోలేని మనిషి' అనడానికీ, దీనికీ తేడా ఏముంది? ఆ మాటని ముప్ఫై, నలభై ఏళ్ళుగా ప్రశ్నిస్తున్న మనమే మన రిజిస్టర్లలో ఈ మాట ఎట్లా రాయగలుగుతున్నాం?

తాళం వేస్తే భద్రతా?

పిల్లల భద్రత అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ప్రహరీ గోడ, గేటు, తాళం. ఆడపిల్లల శిబిరమైతే మరీను. సాయంత్రం ఆరు దాటితే బయటికి రాకూడదు, ఫోను ముట్టుకోకూడదు, మగపిల్లలతో మాట్లాడకూడదు. అమ్మాయిల హాస్టళ్ళలో ఇలాంటి నిబంధనల మీదే 2015లో ఢిల్లీ విద్యార్థినులు 'పింజ్రా తోడ్' పేరుతో తిరగబడ్డారు. పంజరాన్ని బద్దలు కొట్టమని ఆ పేరుకి అర్థం. ప్రమాదం తెచ్చేవాడిని వదిలేసి, ప్రమాదం రాగలదనుకున్న పిల్లని బంధించడం పితృస్వామ్యం ఎప్పటినుంచో చేస్తున్న పనే. మనం దానికి 'రక్షణ విధానం' అని పేరు పెడితే అది మారిపోదు.

పైగా ఆ తాళం ఎవరిని ఆపుతోంది? నేను చెప్పిన ముగ్గురిలో ఎవరికీ గోడ అవతల నుంచి ఆపద రాలేదు. పాటల మాస్టారు గేటులోంచే వచ్చాడు, అందరి నమస్కారాలు అందుకుంటూ. పిల్లల మీద లైంగిక దాడులు చేసేవాళ్ళలో ఎక్కువమంది పిల్లలకి తెలిసినవాళ్ళే, పిల్లలు నమ్మినవాళ్ళే అన్నది మన కార్యకర్తలందరికీ తెలిసిన విషయం. అయినా మన ఏర్పాట్లన్నీ ముక్కూ మొహం తెలియని వాడి కోసమే!

తాళమే ప్రాణం తీసే సందర్భాలూ ఉంటాయి. 2004 జులై 16న తమిళనాడు కుంభకోణంలో ఒక పాఠశాల వంటశాలలో పుట్టిన మంట పూరి కప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఇరుకు మెట్లు, కిక్కిరిసిన గదులు, బయటపడే దారి లేకపోవడం - ఇవీ ఆ ఘోరానికి కారణాలు. రాత్రి బయటినుంచి తాళం వేసి, తాళంచెవి వార్డెన్ ఇంటికి పట్టుకెళ్ళే శిబిరాలని నేను చూశాను. 'ఆడపిల్లలు కదండీ' అన్నారు. నిప్పు అంటుకుంటే ఆ ఆడపిల్లలు ఏ దారిన బయటికి రావాలి?

విజ్ఞాన యాత్రల సంగతీ అంతే. 2014 జూన్ 8న హైదరాబాదు నుంచి వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగి ఫోటోలు తీసుకుంటుండగా లార్జీ డ్యాము నుంచి నీళ్ళు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. హెచ్చరిక లేకుండా నీళ్ళు వదలడం డ్యాము వాళ్ళ నేరం. కానీ పరిహారం చెల్లించే బాధ్యతలో విద్యుత్ బోర్డుతో పాటు కళాశాలకీ వాటా ఉందని అక్కడి హైకోర్టు 2016లో తేల్చింది. ఆ తీర్పు మనకీ వర్తిస్తుంది. పిల్లల్ని ఒక చోటికి తీసుకెళ్ళేటప్పుడు ఆ చోటు గురించి ముందుగా తెలుసుకోవడం మన పని. నది ఎప్పుడు పొంగుతుందో, దగ్గరలో ఆసుపత్రి ఎక్కడుందో, ఎంతమంది పిల్లలకి ఎంతమంది పెద్దవాళ్ళు కావాలో ఆలోచించకుండా బస్సు మాట్లాడుకోవడం నిర్లక్ష్యమే. దానికి మరో పేరు లేదు.

చేర్చుకోకపోవడం జాగ్రత్త కాదు

ప్రమాదాల గురించి ఇంత మాట్లాడితే కొన్ని సంస్థలు వేరే దారి వెతుక్కుంటున్నాయి. "ఆ అమ్మాయికి మూర్ఛలు వస్తాయట. మన దగ్గర ఏమైనా అయితే? ఇంట్లోనే ఉండనివ్వండి." "చూపులేని పిల్లని ఎవరు కనిపెట్టుకుని ఉంటారండీ?" "ఆ పిల్ల తీరు మగపిల్లాడిలా ఉంది. మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరు." ఇలా ఒక్కొక్కరినీ భద్రత పేరుతోనే తప్పిస్తూ పోతే చివరికి మిగిలేది ఎవరు? ఇబ్బంది పెట్టని పిల్లలు. అసలు చదువు ఎవరికి అందలేదో వాళ్ళ కోసమే కదా మనం ఈ పని మొదలుపెట్టింది?

1848లో పూనాలో సావిత్రీబాయి ఫూలే ఆడపిల్లల బడికి వెళ్తుంటే పేడా, మట్టీ విసిరేవారని, ఆమె మరో చీర వెంట తీసుకెళ్ళేదని మనం ప్రతి శిక్షణలోనూ చెప్పుకుంటాం. ప్రమాదం ఉంది కాబట్టి బడి మూసేద్దామని ఆమె అనుకోలేదు. ప్రమాదం ఉందని తెలిసి, దానికి సిద్ధపడి వెళ్ళింది. ఆ రెండో చీర లాంటి ఏర్పాటే మనకీ కావాలి.

ఆ ఏర్పాటు చాలాసార్లు చాలా చిన్నది. మూర్ఛలు వచ్చే అమ్మాయి మందులు ఏ వేళకి వేసుకోవాలో ఒకరికి తెలిసి ఉండటం, మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టకుండా, నోట్లో ఏమీ కుక్కకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టాలని అందరికీ నేర్పడం. మరుగుదొడ్డి దారిలో ఒక బల్బు, గోడకి ఒక పట్టుకర్ర. వినపడని పిల్లకి 'మంచి స్పర్శ, చెడు స్పర్శ' పాఠం బొమ్మలతోనూ, సైగలతోనూ చెప్పడం. పరిసరాలన్నీ తెలుగులో నడుస్తుంటే కోయ, గోండి, లంబాడీ, సవర పిల్లలు కష్టం వచ్చినప్పుడు ఏ భాషలో చెప్పుకుంటారు? వాళ్ళ భాష తెలిసిన ఒక్క మనిషైనా మన సిబ్బందిలో ఉన్నారా? చెప్పుకోలేని పిల్ల మీదే చెయ్యి వెయ్యడం సులువని వెయ్యదలచిన వాడికి తెలుసు. అందుకే, అందరినీ కలుపుకుపోవడం ఒకటి, కాపాడటం ఒకటి అని రెండు పనులు లేవు. కలవని పిల్లే కాపాడబడని పిల్ల కూడా.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. విద్యాసంస్థలు వివక్ష లేకుండా చేర్చుకోవాలనీ, అవసరమైన సర్దుబాట్లు చెయ్యాలనీ చెప్పింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి రాజ్యాంగం ఇచ్చిన సమానత్వం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. మధ్యాహ్న భోజనం వండటానికి దళితులకి, ఆదివాసీలకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. ఈ చివరి ఆదేశాన్ని మన శిబిరాల వంటశాలల్లో ఎంతమందిమి అమలు చేస్తున్నాం? కులం గురించి సాయంత్రం చర్చ పెట్టి, మధ్యాహ్నం అన్నం దగ్గర కులాన్ని చూడనట్టు ఊరుకోవడం మనలో చాలామందికి అలవాటైపోయింది.

చట్టం ఏం చెబుతోంది? మనం ఏం చేస్తున్నాం?

2012 నవంబరు 14 నుంచి పోక్సో చట్టం అమల్లో ఉంది. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం ఉన్నా, పోలీసులకి గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ తెలపడం ఎవరికైనా తప్పనిసరి. తెలపకపోతే ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని దాచిన సంస్థ బాధ్యులకి ఏడాది దాకా జైలు, జరిమానా. 'సంస్థ పరువు పోతుంది', 'లోపలే సర్దుబాటు చేసుకుందాం', 'ఆయన చేత క్షమాపణ చెప్పిద్దాం' - ఈ మాటలన్నీ ఇప్పుడు నేరంలో భాగమే.

2020 నాటి పోక్సో నియమాలు మరో అడుగు ముందుకేశాయి. పిల్లలతో నిత్యం పనిచేసే సంస్థలు సిబ్బంది గత చరిత్రని పోలీసుల ద్వారా విచారించుకోవాలనీ, బాలల రక్షణ విధానం ఉండాలనీ చెప్పాయి. సిబ్బంది అంటే జీతం తీసుకునే వాళ్ళే కాదు. వ్యాను డ్రైవరు, వాచ్‌మన్, వారానికోసారి వచ్చే కరాటే మాస్టరు, సెలవుల్లో వచ్చే కాలేజీ వాలంటీర్లు, ఫోటోలు తియ్యడానికి వచ్చే దాతల ప్రతినిధులు - అందరూ. 'మనకి తెలిసినాయనే' అన్నది విచారణ కాదు.

అయితే చట్టం ఉన్నంతమాత్రాన మన చిక్కులన్నీ తీరిపోలేదు. ఒక చిక్కు గురించి ఇక్కడ దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. కిశోర బాలికల శిబిరంలో రెండు వారాలు గడిచాక ఒక అమ్మాయి మన పక్కన చేరుతుంది. "అక్కా, ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టండి" అంటుంది. మనం ప్రేమకొద్దీ ఒట్టు పెట్టేస్తాం. ఆ తర్వాత ఆమె చెప్పేది బాబాయి గురించి కావచ్చు. లేదా తనంతట తాను ఇష్టపడిన పదిహేడేళ్ళ కుర్రవాడి గురించి కావచ్చు. చట్టం దృష్టిలో పద్దెనిమిది నిండని వాళ్ళ ఇష్టానికి విలువ లేదు. మొదటిది చెప్పకపోతే పిల్ల ఆ ఇంట్లోనే నలిగిపోతుంది. రెండోది చెబితే కుర్రవాడు జైలుకీ, పిల్ల పెళ్ళిపీటల మీదకీ వెళ్ళే ప్రమాదం ఉంది. కులాంతర ప్రేమలని విరగ్గొట్టడానికి తల్లిదండ్రులు ఈ చట్టాన్నే ఆయుధం చేసుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఈడువాళ్ళ మధ్య ఇష్టాన్ని నేరంగా చూడటం మీద చర్చ జరగాల్సిందే. స్త్రీల సంఘాలుగా మన గొంతు అందులో వినపడాల్సిందే. కానీ ఆ చర్చ తేలేదాకా మనం చెయ్యగలిగింది ఒకటుంది: నిలబెట్టుకోలేని ఒట్టు పెట్టకపోవడం.

"నువ్వు చెప్పేది అందరికీ చెప్పను. కానీ నీకు హాని జరుగుతోందంటే దాన్ని ఆపడానికి కొందరికి చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెప్పాలో, ఎట్లా చెప్పాలో నీతో మాట్లాడాకే చేద్దాం. అన్ని చోట్లకీ నేను నీతో వస్తాను." ఈ నాలుగు మాటలూ శిబిరం మొదటి రోజునే, ఎవరికీ ఏ కష్టమూ చెప్పుకునే అవసరం రాకముందే, అందరికీ చెప్పాలి. అప్పుడు ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో పిల్లే నిర్ణయించుకుంటుంది. నమ్మించి, చెప్పించి, తర్వాత పోలీసులకి ఫోను చేస్తే ఆ పిల్ల ఇంకెప్పుడూ ఎవరినీ నమ్మదు.

ఫిర్యాదు తర్వాత పిల్లని ఒంటరిగా వదలకూడదు. పిల్ల ఉన్న చోటికే పోలీసులు వచ్చి వాంగ్మూలం తీసుకోవాలని, వీలైనంతవరకు మహిళా ఎస్సై తీసుకోవాలని, యూనిఫాం వేసుకోకూడదని, రాత్రివేళ పిల్లని స్టేషనులో ఉంచకూడదని చట్టమే చెబుతోంది. ఆడపిల్లకి వైద్య పరీక్ష మహిళా డాక్టరే చెయ్యాలి. ఈ సంగతులు స్టేషనుకి వెళ్ళాక తెలుసుకునేవి కావు. ప్రతి కార్యకర్తకీ ముందే తెలిసి ఉండాలి. 1098 నంబరు శిబిరం గోడ మీద పిల్లల కంటి ఎత్తులో రాసి ఉండాలి. దానితోపాటు పిల్లలు ఎవరినీ అడగకుండా వాడుకోగల ఫోను కూడా ఒకటి ఉండాలి. నంబరు రాసి, ఫోనుని ఆఫీసు గదిలో తాళం వేసి పెడితే ఏం లాభం?

కాపాడేవాళ్ళని ఎవరు కాపాడతారు?

ఆ వాలంటీరు గురించి కూడా చెప్పాలి. "తండ్రిలాంటి వాడు" అని కోప్పడ్డ ఆ అమ్మాయికి అప్పటికి ఇరవై ఏళ్ళుంటాయేమో. నెలకి చాలీచాలని గౌరవ వేతనం. పగలు పాఠం, రాత్రి కాపలా, మధ్యలో రిజిస్టర్లు. ఆ మాస్టారు సంస్థ పెద్దలకి దగ్గరవాడు. ఆయన మీద నోరు విప్పితే తన ఉద్యోగం ఉంటుందా? బహుశా ఆమె కూడా ఆయన పక్కన కూర్చోవడం మానుకునే ఉంటుంది. ఆమె ఆ పిల్లకి నేర్పింది తను నేర్చుకున్న పాఠమే.

1992లో బాల్య వివాహాన్ని ఆపబోయిన భన్వరీ దేవి మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేస్తున్న 'సాథిన్'. పని అప్పగించిన వాళ్ళు ఆ పనిలో ఉన్న ప్రమాదానికి బాధ్యత తీసుకోలేదు. ఆమె పోరాటం నుంచే 1997లో విశాఖ తీర్పు, 2013లో పని స్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చాయి. పదిమంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థల్లో పనిచేసే స్త్రీలు జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. ఊళ్ళకి వెళ్ళి ఈ చట్టం గురించి చెప్పే మన సంస్థల్లో ఎన్నింటిలో కమిటీ ఉంది? ఉంటే, అందులో కార్యకర్తలు నమ్మే మనిషి ఉన్నారా? తన మాట వినేవాళ్ళు లేని కార్యకర్త పిల్ల మాట వినలేదు.

నిధులిచ్చే సంస్థల పాత్ర కూడా తక్కువేం కాదు. ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు అని అడుగుతారు. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయంటే 'సున్నా' అని రాయడమే మంచి మార్కు. ఫిర్యాదు రాని చోట అంతా బాగుందని కాదు, అడిగినవాళ్ళు లేరని అర్థం. మూడు ఫిర్యాదులు వచ్చి, మూడింటినీ ఎట్లా పరిష్కరించిందీ రాయగలిగిన సంస్థే పిల్లలు నమ్మిన సంస్థ. బల్బుకీ, రెండో ఆయాకీ, మందుల పెట్టెకీ, సిబ్బంది శిక్షణకీ బడ్జెట్‌లో డబ్బు అడగడానికి మనమూ మొహమాటపడకూడదు.

చివరగా ఒక్క చిన్న పని చెయ్యమని పాఠకుల్ని కోరుతున్నాను. ఈసారి మీ శిబిరం నుంచి ఒక పిల్ల మధ్యలో వెళ్ళిపోతే వారం లోపల ఆ పిల్ల ఇంటికి వెళ్ళండి. శిబిరంలో పాఠం చెప్పినవాళ్ళు కాకుండా వేరే వాళ్ళు వెళ్ళండి. తిరిగి రమ్మని బతిమాలడానికి కాదు, ఎందుకు వచ్చేశావని వినడానికి. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాసుకోండి. ఆ కాగితం అందరి చేతుల్లో పడకుండా జాగ్రత్తగా దాచండి. తర్వాతి శిబిరానికి ముందు అందరూ కూర్చుని, పేర్లు లేకుండా ఆ కారణాలు చదవండి. మీకు ఎదురైన చిక్కులు, మీరు కనిపెట్టిన ఉపాయాలు ఈ పత్రికకి రాయండి. పొరపాట్లు కూడా రాయండి. నా పొరపాటు నేను చెప్పాను.

నిజంగా ఇంటి మీద బెంగతో వెళ్ళే పిల్లలూ ఉంటారు. కానీ ఆ మాట పిల్ల చెప్పాలి, మనం రాసుకోకూడదు.